వాల్డెగెమ్ ఊరి సెలవు

గత వారం మనం కత్రైన్ స్నౌవార్ట్‌ని వదిలిపెట్టేసరికి ఆమె రేడియో మీట మీద బొటనవేలు పెట్టి, నొక్కడానికి ధైర్యం చాలక, వానలో కారు నడుపుతోంది. వాన ఇంకా ఆగలేదు. వేలు కూడా అక్కడే ఉంది.

కత్రైన్ పోల్డర్‌గ్లాస్ సైకిల్ జట్టుకు డైరెక్టర్. జట్లన్నీ మూడేళ్ళుగా కూడబెట్టుకున్న పాయింట్లను ఈ సాయంత్రంతో కలిపి చూస్తారు. పట్టికలో గీతకు పైనున్నవాళ్ళు మొదటి శ్రేణిలో మిగులుతారు. కిందున్నవాళ్ళు రెండో శ్రేణికి జారిపోయి, పెద్ద పందేల గుమ్మం బయట నిలబడి పిలుపు కోసం ఎదురుచూస్తారు. గీతను అంటిపెట్టుకుని పైన నోర్డర్ జట్టు ఉంది. కింద పోల్డర్‌గ్లాస్ ఉంది. సీజన్‌లో మిగిలింది ఈ ఒక్క పందెం. ఇందులో వానస్ లామెర్టైన్ మొదటివాడిగా వస్తే పోల్డర్‌గ్లాస్ గీత దాటి పైకి పోతుంది. రెండోవాడిగా వస్తే చాలదు.

జట్టును పోషిస్తున్న కిటికీల కంపెనీ యజమాని వాన్ హెక్కె నిన్న ఫోన్‌లో ఒకటే ముక్క చెప్పాడు. "రెండో శ్రేణిలో తిరిగే చొక్కా మీద నా పేరుండదమ్మా." అంటే సోమవారం నుంచి జట్టే ఉండదు. మెకానిక్కులు, వంటమనిషి, మాలీషు చేసేవాళ్ళు, బస్సు డ్రైవరు, ఈ ఏడే చేరిన కుర్రాళ్ళు, అందరూ ఇంటి దారి పట్టాల్సిందే.

"మళ్ళీ కదిలాడు," వెనక సీట్లోంచి అన్నాడు ఓడిలోన్. ఒడిలో స్పేర్ చక్రాలు, చేతిలో తేనె కేకు ముక్క. కత్రైన్ సైకిల్ తొక్కే రోజుల్లో కూడా ఆమెకు మెకానిక్ అతనే. అందుకే జట్టులో అందరూ ఆమెను బాస్ అంటే అతనొక్కడూ అమ్మాయ్ అంటాడు. "కదిలాడు, కదిలాడు... అదిగో, పట్టేశారు. నోర్డర్ వాళ్ళు మనవాడి వెనక చక్రానికి జిగురు రాసుకుని బయల్దేరినట్టున్నారు."

స్టీరింగ్ పక్కన బిగించిన చిన్న తెర మీద కత్రైన్ కూడా చూసింది. పొద్దుటినుంచీ ఇదే వరస. వానస్ ఒంటరిగా తప్పించుకుంటే తప్ప గెలవలేడు. గుంపంతా కలిసి పందెం ముగిసే ఓడ్‌కెర్కే చేరితే ఆఖరి పరుగులో నోర్డర్ వాళ్ళ టిబోని మించినవాడు ఈ దేశంలో లేడు. ఆ సంగతి నోర్డర్ వాళ్ళకూ తెలుసు కాబట్టి వానస్ పెడల్ మీద లేచి నిలబడితే చాలు, వెనక నోర్డర్ పచ్చ చొక్కా ఒకటి లేస్తోంది.

"వాణ్ని ఎవరూ పట్టుకోకుండా వెళ్ళనిచ్చే చోటు ఒకటుంది," అంది కత్రైన్.

"ఎక్కడ?"

"వాల్డెగెమ్."

ఓడిలోన్ నమలడం ఆపేశాడు.

వాల్డెగెమ్ వానస్ ఊరు. ఈ రోడ్ల మీద సైకిల్ తొక్కే ప్రతివాడికీ తెలిసిన మర్యాద ఒకటుంది. పందెం ఎవరి ఊరి గుండా పోతే వాడు గుంపును అడిగి కాస్త ముందుగా వెళ్ళవచ్చు. రోడ్డు పక్కన దిగి పెళ్ళాన్ని ముద్దు పెట్టుకోవచ్చు, తల్లి పెట్టిన ముక్క నోట్లో వేసుకోవచ్చు, ఇరుగుపొరుగుతో ఫొటో దిగవచ్చు. గుంపు రాగానే మళ్ళీ తోకలో చేరిపోతాడు. ఊరి సెలవు అంటారు దాన్ని. ఏ నిబంధనల్లోనూ లేదు. ఆ సెలవు తీసుకుని ఆగకుండా పారిపోయినవాడు కూడా ఇంతవరకూ లేడు.

"నువ్వు వాడికి మాటిచ్చావు," అన్నాడు ఓడిలోన్.

ఇచ్చింది. నిరుడు వానస్ సైకిల్ గోడకి తగిలించేస్తానన్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయన్నాడు. జట్టు గీత దగ్గర ఊగిసలాడుతోంది, ఇంకొక్క ఏడాది ఉండమని బతిమాలింది కత్రైన్. అతను డబ్బు పెంచమనలేదు. "ఆఖరి పందెం మా ఊరి మీదుగా పోతుంది. ఆ రోజు నన్ను ఆగనివ్వు. మా ఆవిడ హానెలోర్ ఇన్నేళ్ళూ నేను రోడ్డు మీద దూసుకుపోతుంటే చూసింది. ఒక్కసారి ఆగితే చూడాలంది," అన్నాడు. కత్రైన్ చెయ్యి కలిపింది.

అప్పుడే పందెం రేడియో గరగరలాడింది. "పోల్డర్‌గ్లాస్, మీ ఆటగాడు వెనక్కి వస్తున్నాడు. బాటిళ్ళు."

కత్రైన్ కారును వరసలోంచి పక్కకి తీసి ముందుకి పోనిచ్చింది. వాన తెరలోంచి వానస్ వచ్చాడు. ముఖమంతా బురద, పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఒక చెయ్యి కారు కిటికీ మీద ఆన్చాడు.

"ఐదు ఇవ్వు. కుర్రాళ్ళకి గొంతెండిపోతోందట. నోరు తెరిస్తే వానే పడుతుంది కదరా అంటే వినరు."

నాలుగు బాటిళ్ళు అతని చొక్కా వెనక జేబుల్లోకీ మెడ కిందకీ పోయాయి. ఐదోది చేతికిస్తూ కత్రైన్ వదల్లేదు. అతను వదల్లేదు. బాటిల్‌కి ఆ చివర అతను, ఈ చివర ఆమె. కారు అతన్ని లాక్కుపోతోంది.

"వానస్. వాల్డెగెమ్‌లో ఆగకు."

అతను నవ్వాడు. జోక్ అనుకున్నాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు.

"ఏమన్నావ్?"

"సెలవు అడుగు. ఇస్తారు, నీకివ్వనివాడెవడు? ముందుకెళ్ళు. ఊళ్ళోకి వెళ్ళాక ఆగకుండా తొక్కెయ్. ఊరు దాటగానే రాళ్ళదారి, ఆ తర్వాత ఇరుకు మలుపులు. గుంపుకి అర్థమయ్యేసరికి నువ్వు కంటికి కనపడవు."

"సెలవు ఎవర్ని అడగాలో తెలుసా? ముందు వరసలో ఉన్నది నోర్డర్ లోవీ. నా పెళ్ళాం తమ్ముడు. వాడితో 'మీ అక్కని చూసొస్తాన్రా' అని చెప్పి..."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే అడుగుతున్నాను."

వెనకనుంచి రెఫరీ మోటార్‌సైకిల్ హారన్ కొట్టింది. బాటిల్ పట్టుకుని ఇంతసేపు వేలాడకూడదు. ఇద్దరూ పట్టించుకోలేదు.

"మా మామ హోటల్ ముందు బల్లలు వేసి ఉంటాడు," అన్నాడు వానస్. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది కత్రైన్‌కి. "నా బొమ్మ గుడ్డ మీద అచ్చేయించి తలుపు మీద కట్టాడు. చూడ్డానికి బాతులా ఉన్నాను అందులో. ఊరంతా అక్కడే ఉంటుంది. వాళ్ళ ముందు నుంచి దొంగలా పారిపొమ్మంటావు."

"దొంగలా కాదు. గెలిచేవాడిలా."

"ఆ రెంటికీ తేడా నీకు తెలీదా? నువ్వూ తొక్కినదానివేగా."

"సోమవారం నుంచి ఓడిలోన్ ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

"నా పేరు లాగకండి," అన్నాడు ఓడిలోన్ వెనకనుంచి. "నేను చేపలు పడతాను. ఎన్నాళ్ళనుంచో పట్టాలని ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఓడిలోన్‌కి నీళ్ళంటే భయమని జట్టులో అందరికీ తెలుసు.

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా. వానస్ బాటిల్ వైపు చూశాడు. దాన్ని పట్టుకున్న ఆమె చేతి వైపు చూశాడు.

"పోయినేడు కలిపింది ఈ చెయ్యే కదూ?" అన్నాడు. బాటిల్ లాక్కుని వానలోకి వెళ్ళిపోయాడు.

కత్రైన్ కారును మళ్ళీ వరసలోకి తెచ్చింది. కిటికీ అద్దం ఎత్తడం మరిచిపోయింది. తొడ మీద వాన పడుతోంది. ఓడిలోన్ చెయ్యి చాపి తనే మీట నొక్కి అద్దం ఎత్తాడు.

"తిట్టండి," అంది.

"ఎందుకు తిట్టడం. అడక్కుండా ఉంటే నువ్వు డైరెక్టర్‌వి కాదు. వాడు ఒప్పుకుంటే వాడు వానస్ కాదు." తేనె కేకు కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. "ఒప్పుకున్నాడా లేదా అన్నదే తెలియట్లేదు నాకు."

ఆమెకూ తెలియలేదు. అతను కాదని తెగేసి చెప్పి ఉంటే ఇంకో దారి వెతికేది. సరేనన్నా ఏదో ఒకటి తేలేది. ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

పక్కనే పచ్చ కారు ఒకటి వచ్చి ఆమె కారుతో సమానంగా సాగింది. అద్దం దిగింది. వంటగదులు అమ్మే కంపెనీ పోషిస్తున్న నోర్డర్ జట్టు డైరెక్టర్ ఫిర్మిన్, బొద్దు మీసాల కింద ఎప్పటిలాగే నవ్వు.

"ఏం తల్లీ! కిటికీలు అమ్ముకునే ఉద్యోగం ఖాయమైనట్టేనా?"

"మీ వంటగదుల్లో గిన్నెలు తోమే పని ఖాళీ ఉంటే చెప్పండి ఫిర్మిన్ గారూ, వచ్చేస్తాను."

"అబ్బే, నీకు గిన్నెలిస్తే సొట్టలు పెడతావ్." కిటికీలోంచి చేయి చాపి వెచ్చని కాగితం పొట్లం ఆమె కారులోకి పడేశాడు. "వాఫిళ్ళు. మా ఆవిడ చేసింది. చూడూ, వానస్‌ని నిశ్చింతగా వెళ్ళి పెళ్ళాన్ని చూసుకోమను. మావాళ్ళెవరూ వెంటపడరు, చెప్పేశాను. ఇన్నేళ్ళు తొక్కినవాడు. ఆ మాత్రం మర్యాద మాకూ తెలుసు."

"మీ మంచితనం."

"లోవీ కూడా వాడితో వెళ్తాడులే. అదే ఇల్లు కదా. వాడి కన్నవాళ్ళూ అక్కడే ఉంటారు. ముసలాయన పొద్దుటినుంచీ బీరు గ్లాసులు తుడుస్తున్నాట్ట, కొడుకూ అల్లుడూ ఒకేసారి గుమ్మంలోకి వస్తున్నారని."

అద్దం పైకి లేచింది. పచ్చ కారు వెనక్కి తగ్గింది.

"కాపలా," అన్నాడు ఓడిలోన్.

"అక్కని చూడ్డానికేమో."

"ఫిర్మిన్ ఊరికే వాఫిల్ పెట్టే మనిషి కాదు." పొట్లం వాసన చూశాడు. "బాగుంది వాసన. అదే నాకు భయం."

లోవీ వెంట వెళ్ళినా ఫరవాలేదని ఆమె బుర్ర అప్పటికే లెక్క వేసేసింది. లోవీ తండ్రిని కావలించుకునేటప్పుడు వానస్ కదిలితే చాలు, వాడు మళ్ళీ సైకిల్ ఎక్కేసరికి రాళ్ళదారి వచ్చేస్తుంది. ఎంత తొందరగా తట్టిందీ ఆలోచన! తట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతను మింగేసి మళ్ళీ తెర వైపు చూసింది.

తెర మీద గుంపు నెమ్మదించింది. వానస్ పక్కనుంచి ముందు వరసలోకి వెళ్తున్నాడు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. ఒకడు అతని వీపు చరిచాడు. ఇంకొకడు గాల్లో ముద్దు విసిరాడు. పచ్చ చొక్కాలో లోవీ తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఇద్దరూ కలిసి ముందుకి సాగారు. గుంపు వాళ్ళను వెళ్ళనిచ్చింది. కొంతమంది వెనక ఉండి పాట కూడా ఎత్తుకున్నారు.

"ముందు ఇద్దరు," అంది పందెం రేడియో. "పోల్డర్‌గ్లాస్ లామెర్టైన్, నోర్డర్ లోవీ దె సూటర్. ఊరి సెలవు. ఆ రెండు జట్ల కార్లూ వరసలో ముందుకి రావచ్చు."

రెండు కార్లూ ముందుకి వెళ్ళాయి. గుంపు వెనక రెఫరీల ఎర్రకారు, దాని వెనక కత్రైన్, ఆమె వెనక ఫిర్మిన్. అద్దంలో అతని మీసాలు కనిపిస్తున్నాయి. నవ్వు కనిపించలేదు.

చెవిలో గరగర. వానస్.

"కత్రైన్. వింటున్నావా?"

"విను... వింటున్నాను."

"నువ్వే చెప్పు. ఆగాలా, వద్దా? నోటితో చెప్పు. వానస్ ఆగాడు కాబట్టి జట్టు పోయిందనో, ఆగలేదు కాబట్టి మర్యాద పోయిందనో రేపు నా నెత్తిన పెట్టొద్దు. నువ్వు డైరెక్టర్‌వి. చెప్పు, చేస్తాను."

వెనక నుంచి లోవీ గొంతు లీలగా వినిపించింది. "ఎవరితో బావా, గుసగుసలు?"

"మా అమ్మతో. నీకేంట్రా?"

"అత్తమ్మకి నా నమస్కారాలు చెప్పు!"

కత్రైన్ మీట నొక్కింది. నొక్కి ఉంచింది. తెర మీద చర్చి గోపురం కనిపించింది, దాని కింద తడిసిన గుడ్డ మీద నిజంగానే బాతులా ఉన్న వానస్ బొమ్మ, దాని కింద గొడుగులు. బస్సు డ్రైవరు గుర్తొచ్చాడు, నెల క్రితమే ఇల్లు కొనుక్కున్నాడు. కుర్రాళ్ళు గుర్తొచ్చారు. వాన్ హెక్కె గొంతు గుర్తొచ్చింది. ఒక్క మాట చాలు. "వద్దు" అంటే వానస్ వెళ్ళిపోతాడు. ఆ తర్వాత జీవితమంతా ఆ ఊళ్ళోనే బతుకుతాడు, ఆ గొడుగుల కిందనుంచే రోజూ రొట్టె కొనుక్కోవడానికి వెళ్తాడు.

"అమ్మాయ్, ఊరొచ్చేసింది," అన్నాడు ఓడిలోన్ మెల్లిగా.

"ఆగు," అంది కత్రైన్. "వింటున్నావా? ఆగు. చెయ్యి కలిపింది నేనే. హానెలోర్‌కి నా తరఫున కూడా ఓ ముద్దు."

"సరే," అన్నాడు వానస్. ఆ ఒక్క మాటలో ఏడ్చినంత పనిచేశాడు.

ఓడిలోన్ వాఫిళ్ళ పొట్లం విప్పాడు. "ఇక తినొచ్చు. పోతే పోయింది. చేపలు ఎలా పడతారో నేర్పిస్తావా నాకు?"

కత్రైన్ నవ్వింది. పొద్దుటినుంచీ మొదటిసారి భుజాలు దిగాయి. గెలుపు చేజారిపోయింది, అయినా ఊపిరి ఆడుతోంది. వాన్ హెక్కెకి ఏం చెప్పాలో ఆలోచించడం మొదలుపెట్టింది కూడా.

తెర మీద వానస్ బ్రేకు వేశాడు. పసుపు రెయిన్‌కోటులో ఉన్న హానెలోర్ రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చింది. హెల్మెట్ ఆమె నుదుటికి తగిలింది. ఇద్దరూ నవ్వుతూ నుదుళ్ళు తడుముకున్నారు. అతను సైకిల్ దిగలేదు, ఒక కాలు నేల మీద పెట్టి ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. ఊరు కేకలు పెట్టింది. పక్కన లోవీ కూడా ఆగాడు. అతనూ ఒక కాలు నేల మీద పెట్టాడు. ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన, వానస్ మామ ఆహీల్, బీరు గ్లాసుల పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని కొడుకు వైపు నడిచాడు.

లోవీ తండ్రి వైపు చూడలేదు. బావ వీపు వైపు చూశాడు. చెవిలో ఎవరో ఏదో అన్నట్టు తల కాస్త వంచాడు. కాలు ఎత్తి పెడల్ మీద పెట్టాడు.

వెళ్ళిపోయాడు.

పళ్ళెం పెద్దాయన చేతుల్లోంచి జారింది. తెర మీద శబ్దం లేదు కాబట్టి గ్లాసులు పగలడం వినిపించలేదు. గొడుగులన్నీ ఒక్కసారి అటు తిరగడం మాత్రం కనిపించింది.

కత్రైన్ అద్దంలోకి చూసింది. వెనక కారులో ఫిర్మిన్ చేతిలో రేడియో ఉంది. తల ఎత్తడం లేదు. గీతకు పైన ఉండి కూడా నిద్రపట్టని మనిషి. టిబో కాళ్ళను కూడా నమ్మలేకపోయిన మనిషి. వానలో కారు నడుపుతూ ఆమెకు తట్టిన ఆలోచనే అతనికీ తట్టింది. ఆమె వెనక్కి తీసుకుంది. అతను తీసుకోలేదు.

"వాడి నోట్లో పురుగులు పడ," అన్నాడు ఓడిలోన్. వాఫిల్‌ను కిటికీలోంచి విసరబోయి, చెత్త పారేస్తే వేసే జరిమానా గుర్తొచ్చి ఆగాడు.

చెవిలో ఒక్కసారిగా గోల. వానస్ మీట నొక్కి వదలడం మరిచిపోయినట్టున్నాడు. జనం అరుపులు, హానెలోర్ ఏడుపు, వాటన్నిటి మీదుగా ఆహీల్ బొంగురు గొంతు.

"పట్టుకో అల్లుడూ! పట్టుకో వాణ్ని! నా గుమ్మం ముందు, నా కళ్ళ ముందు... ఇంకా చూస్తావేంటి, తొక్కు!"

"మామయ్యా, మీ కొడుకు..."

"ఈ సాయంత్రం దాకా నాకు కొడుకు లేడు. తొక్కు!"

తెర మీద పెద్దాయన వానస్ సీటు వెనక చెయ్యి ఆన్చి, ఏప్రన్ ఎగురుతుండగా నాలుగు అంగలు పరిగెత్తి తోశాడు. వానస్ తడి రోడ్డు మీద వంగిపోయి తొక్కుతూ ఊరి చివరి మలుపు తిరిగాడు.

"వెళ్ళు," అంది కత్రైన్ రేడియోలో. "ఇక ఎవరి సెలవూ అక్కర్లేదు నీకు."

గుంపు ఊళ్ళోకి ప్రవేశించింది. రోడ్డు పక్కవాళ్ళు అరిచి చెప్పేశారు. మాట ముందు వరస నుంచి వెనక వరసకు పాకడం తెర మీద కంటికి కనిపించింది. తలలు తిరిగాయి. పచ్చ చొక్కాలవాళ్ళు నలుగురు టిబోని మధ్యలో పెట్టుకుని ముందుకి తోసుకురాబోయారు. వాళ్ళకు దారి దొరకలేదు. వేరే వేరే జట్లవాళ్ళు, ఈ గీత గొడవతో సంబంధమే లేనివాళ్ళు, రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా భుజానికి భుజం ఆన్చి వరసగా నిలిచారు. నిలిచి, మార్కెట్‌కి కూరగాయలకి వెళ్తున్నట్టు మెల్లిగా తొక్కసాగారు. పచ్చ చొక్కా ఒకడు పక్కనుంచి దూరబోతే గడ్డం నెరిసిన డెన్మార్క్ ఆటగాడు ఒకడు మోచేత్తో మర్యాదగా వెనక్కి నెట్టాడు. ఏదో అన్నాడు కూడా.

"ఏమంటున్నాడు?" అంది కత్రైన్.

"ఇంటి గొడవ ఇంటివాళ్ళే తేల్చుకోనీ, అనుంటాడు." ఓడిలోన్ ముందు సీటును రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. "అమ్మాయ్! గుంపు తలుపు మూసేసింది! టిబో లోపల ఉండిపోయాడు! ముందు ఇద్దరే! ఇద్దరే మిగిలారు!"

పోయిందనుకున్నది మళ్ళీ చేతికందేంత దగ్గరకు వచ్చింది. ఇది మరీ భయంగా ఉంది. మళ్ళీ పోతుందేమో.

తెరలో లోవీ రాళ్ళదారి మీద ఊగుతూ పోతున్నాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. వెనక దూరంగా ఒక చుక్క. ఆ చుక్క తిరిగి చూడటం లేదు. ప్రతి మలుపుకీ పెద్దదవుతోంది. రాళ్ళదారి సగానికి వచ్చేసరికి వానస్ చొక్కా రంగు తెలిసింది. ఇంకో మలుపుకి అతని నోరు తెరుచుకుని ఉండటం తెలిసింది.

"పట్టేస్తాడు," అన్నాడు ఓడిలోన్. "ఈ దారి వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు. పట్టేస్తాడు."

"అనకండి."

"ఎందుకనకూడదు?"

"అనకండి అన్నాను కదా!"

చెవిలో గరగర.

"కత్రైన్." వానస్ గొంతు చాలా ప్రశాంతంగా ఉంది. చెడ్డ వార్తలు అతను ఎప్పుడూ అలాగే చెబుతాడు. "ముందు చక్రం. మామయ్య గ్లాసు పెంకు దిగినట్టుంది. గాలి పోతోంది."

"ఎంతుంది?"

"చక్రం కింద ప్రతి రాయీ చేతులకి తెలుస్తోంది. రాళ్ళదారి దాటేదాకా లాగుతాను. ఆ తర్వాత వల్లకాదు. చక్రం కావాలి. తొందరగా."

అన్ని జట్లకీ సాయం చేసే, స్పేర్ చక్రాలు మోసే మోటార్‌సైకిల్ ఎప్పుడో లోవీ వెంట ముందుకి వెళ్ళిపోయింది. గుంపు కోసం ఆగి తోటివాడి చక్రం తీసుకుంటే లోవీ దొరకడు. మిగిలింది ఈ కారొక్కటే. ఓడిలోన్ అప్పటికే ముందు చక్రం ఒడిలోంచి పైకి తీశాడు.

కత్రైన్ హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. ఎర్రకారు కదల్లేదు. దాని ముందు గుంపు, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. వానస్ కోసమే కట్టిన గోడ. అది తెరుచుకుంటేనే ఆమె వెళ్ళగలదు. ఒక్క కారు పట్టేంత సందు తెరిస్తే ఆ సందులోంచే పచ్చ చొక్కాలన్నీ టిబోని తీసుకుని దూసుకుపోతాయి. గుంపులో చివరివాడు వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. అతనికీ అది అర్థమైంది. నిస్సహాయంగా తల అడ్డంగా ఊపాడు.

"పోల్డర్‌గ్లాస్, వరసలో ఉండండి," అంది పందెం రేడియో. "దాటడానికి అనుమతి లేదు."

కుడి పక్క కాలవ. ఎడమ పక్క గడ్డి గట్టుకి అవతల సైకిల్ బాట, ఎర్రగా, తడిగా, ఖాళీగా. ఆ బాట మీద జట్టు కారు చక్రం పెడితే డైరెక్టర్‌ని అక్కడికక్కడే పందెం నుంచి వెళ్ళగొడతారు. రెఫరీకి కోపం వస్తే ఆటగాణ్ని కూడా.

"అమ్మాయ్," అన్నాడు ఓడిలోన్. ఆమె ఎటు చూస్తోందో అతను చూశాడు. "వద్దు."

చెవిలో ఇనుము రాయికి తగిలిన చప్పుడు. ఆగకుండా. మధ్యలో వానస్ ఊపిరి.

"చక్రం గట్టిగా పట్టుకోండి," అని కత్రైన్ స్టీరింగ్‌ను ఎడమకి తిప్పింది.

ముందున్న ఎర్రకారు అద్దం కిందికి దిగుతోంది.